కాలికి కట్టిన బలపం

మా క్లినిక్ కారిడార్ పది మీటర్లు.
నున్నటి నేల, రెండు పక్కలా కమ్మీలు,
చివర్న పసుపు టేపు గీత.
అక్కడిదాకా నడిచి వెనక్కి తిరిగితే
నేను స్టాప్‌వాచ్ నొక్కి "బాగుంది" అంటాను.
జోర్కా పెర్టోట్ నవ్వదు.
"ఈ ఊళ్ళో ఇంత చదునైన చోటు
ఇంకెక్కడుందో చెప్పు" అంటుంది.

నిజమే. ఇది త్రియెస్తే.
సముద్రం దగ్గర మొదలైన ప్రతి వీధీ
మోకాళ్ళ మీద చెయ్యేసుకుని కొండెక్కుతుంది.
చలికాలం బోరా గాలి దిగిందంటే
గొడుగులు చెత్తకుండీల్లో చచ్చిపడుంటాయి.
ఒకప్పుడు, పట్టుకుని నడవడానికి
మలుపుల్లో తాళ్ళు కట్టేవాళ్ళట.

ముప్పై ఒక్క ఏళ్ళు
ఈ మెట్ల మీదే ఆమె ఉత్తరాలు పంచింది.
కాలికి బలపం కట్టుకు తిరిగిన మనిషి.
అక్టోబరులో ఒక పొద్దున
కాఫీ గిన్నె పొయ్యి మీద ఉండగానే
మెదడులో ఒక సన్నటి నాళం మూసుకుంది.
ఎడమ పాదం వేలాడిపోయింది,
చిరునామా తడిసి చెరిగిన కవరులా.

ఇప్పుడు నిజంగానే కట్టాం కాలికి.
మోకాలి కింద పట్టీ, అగ్గిపెట్టెంత యంత్రం.
మడమ నేల విడవగానే
నరానికి ఒక చిన్న చురుకు.
పాదం లేస్తుంది.
"చీమ కుట్టినట్టుంది" అంది మొదటిరోజు.
రెండో వారానికి
"చీమ డ్యూటీకి టైముకే వస్తోంది" అంది.

బూటు లోపలి అట్టలో సెన్సర్లున్నాయి.
ఆమె ఎక్కడ తిరిగినా
రాత్రికి నా స్క్రీన్ మీద రాత పడుతుంది:
ఎన్ని అడుగులు, ఎడమకీ కుడికీ ఎంత తేడా,
ఎక్కడ తూలింది, ఎక్కడ ఆగింది.
బలపం అంటే రాసేదే కదా.

ఒక్క చోట మాత్రం రోజూ అదే.
పదకొండు దాటాక, శాన్ జాకొమో ఎత్తులో,
ఆరేడు నిమిషాలు గీత పడుకుంటుంది.
అలసటేమోనని కరెంటు మోతాదు తగ్గించాను.
జారిందేమోనని పట్టీ మార్చాను.
చివరికి, నొప్పా అని అడిగాను.
"కుక్క" అంది.

పద్నాలుగో నంబరు గేటు.
పేరు గ్రిజో, అంటే బూడిదరంగు;
కుక్కేమో గోధుమరంగు.
తొమ్మిదేళ్ళపాటు, ఆమె మలుపు తిరక్కముందే
గేటు విరిగేట్టు మొరిగింది.
రెండుసార్లు సంచీ చింపింది.
ఒకసారి పిక్క పట్టింది,
కుడి పిక్క, నయమే.
ఇప్పుడు ఎదురుగా వెళ్ళి నిలబడినా
ముంగాళ్ళ మీద గడ్డం ఆనించి
దారినపోయే ఎవరినో చూసినట్టు చూస్తుందట.
"ఈ నడక నాది కాదని దానికి తెలుసు" అంది.

నా దగ్గర దానికి కొలత లేదు.
బీమావాళ్ళ ఫారంలో గడీ లేదు.
లక్ష్యం దగ్గర
"బయటి నడక, ఎగుడుదిగుడు నేల" అని నింపాను.

ఫిబ్రవరిలో మూడు రోజులు బోరా.
బయటికి వెళ్ళొద్దని మెసేజ్ పెట్టాను.
రెండో రోజు రాత్రి స్క్రీన్ తెరిస్తే
అంత చెడ్డ గ్రాఫ్ ఎప్పుడూ చూడలేదు.
అడుగులు చిందరవందర.
సమతూకం సగానికి పడిపోయింది.
పదకొండూ పదికి మూడు తూలుళ్ళు, ఒక కుదుపు,
ఆపైన పరుగులాంటిది ఏదో.
పరుగా?
ఫోన్ చేశాను. మూడో రింగుకి ఎత్తింది.

"గోడ పట్టుకునే నడిచాను.
టోపీ పోయింది.
గాలిని నోటికొచ్చినట్టు తిట్టాను,
స్లోవేనియన్‌లో, మా అమ్మ తిట్లు.
కోపంతో మడమలు నేలకేసి కొడుతూ,
భుజాన సంచీ ఉన్నట్టే ఒకవైపు ఒరిగి...
మలుపు ఇంకా తిరగనే లేదు..."

ఆగింది.
ఫోన్లోంచి కూడా గాలి వినిపిస్తోంది.

"గేటు విరిగేట్టు" అంది.

కింద వ్యాఖ్య రాసే గడిలో
చాలాసేపు కర్సర్ కొట్టుకుంది.
"గాలి వల్ల ఈ రోజు రీడింగులు నమ్మదగినవి కావు"
అని రాయాలి, నిబంధన ప్రకారం.
రాశాను.
దాని కింద ఇంకో వరుస:
కుక్క మొరిగింది.